సముద్రపక్షిని రూపంతో గుర్తుపట్టడం: పుస్తకాలు చెప్పేదెంత, చెప్పనిదెంత?

కొన్నేళ్ల క్రితం నేనొక కరపత్రం అనువదించాను. తీరప్రాంతపు బడిపిల్లల కోసం వేసిన నాలుగు పేజీల కరపత్రం అది. చలికాలంలో మన సముద్రతీరానికి వచ్చే పక్షులను పిల్లలు గుర్తుపట్టి, లెక్కపెట్టి, గడుల్లో అంకెలు వేయాలి. అందులో మొదటి పక్షిని ‘గోధుమరంగు తల గల్’ అనీ, రెండోదాన్ని ‘నల్లతల గల్’ అనీ తెలుగు చేశాను. పక్కనే రెండు బొమ్మలు. ఒకదాని తల గోధుమరంగు, రెండోదాని తల ముదురు రంగు. పిల్లలకు ఇంతకన్నా తేలికైన పని ఏముంటుంది అనుకున్నాను.

జనవరి నెలాఖరుకు కాకినాడ వైపు ఒక బడి నుంచి మాస్టారొకరు పిల్లలు నింపిన కాగితాలు పంపించారు. చాలామంది రెండు గడుల్లోనూ ఏవో అంకెలు వేశారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం రెండు గడులూ కొట్టేసి, కింద ఇలా రాసింది: ‘గోధుమ తలవి లేవు. నల్ల తలవి లేవు. తెల్ల తలవి 64 ఉన్నాయి. కంటి వెనక నల్ల చుక్క ఉంది.’

మొత్తం కాగితాల్లో సరైనది అదొక్కటే. తప్పు నా కరపత్రంలో ఉంది. ఈ రెండు జాతుల గల్ పక్షులకూ తల మీద ఆ ముదురు రంగు ఉండేది గుడ్లు పెట్టే కాలంలో. మన తీరాన అవి గడిపే చలికాలంలో చాలాభాగం రెండింటి తలలూ తెల్లగానే ఉంటాయి. కంటి వెనక ఒక నల్లని మచ్చ మాత్రం మిగులుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరుగు ప్రయాణానికి ముందు తల రంగు మళ్లీ వస్తుంది. అంటే నేను పిల్లలకు ఇచ్చిన గుర్తు, వాళ్లు చూడబోయే రోజుల్లో ఆ పక్షికి ఉండని గుర్తు! ఇంకో విచిత్రం, నల్లతల గల్ తల నిజానికి నలుపు కాదు. అది ముదురు చాక్లెట్ రంగు. పేరును మక్కికి మక్కి అనువదించి, పక్షిని అనువదించానని భ్రమపడ్డాను.

ఆ కాగితం అందిన తర్వాతే సముద్రపక్షుల గుర్తింపు పుస్తకాలను మళ్లీ తీసి, ఈసారి ఒక ప్రశ్నతో చదివాను. ఇలాంటి పుస్తకం పని ఏమిటి? పక్షికి పేరు అందించడమా, లేక ఆ పేరు పెట్టడానికి మన దగ్గర తగిన ఆధారం ఉందో లేదో తేల్చుకోవడం నేర్పడమా?

తల కాదు, రెక్క చూడాలి

ముందు ఆ రెండు గల్‌ల సంగతి పూర్తి చేద్దాం. గోధుమతల గల్ లదాఖ్, టిబెట్ వంటి ఎత్తయిన పీఠభూముల సరస్సుల దగ్గర పిల్లలను పెంచి, చలికాలానికి మన తీరాలకు దిగుతుంది. నల్లతల గల్ దానికన్నా కొంచెం చిన్నది. రెండూ పక్కపక్కన నిలబడి ఉంటే తప్ప ఈ పరిమాణపు తేడా పనికిరాదు. అసలు తేడా ఎగిరినప్పుడు రెక్కల చివర కనిపిస్తుంది. గోధుమతల గల్ రెక్క చివర వెడల్పుగా నలుపు ఉండి, ఆ నలుపులో తెల్లని మచ్చలుంటాయి. వీటిని పక్షిశాస్త్రజ్ఞులు ‘అద్దాలు’ అంటారు. నల్లతల గల్ రెక్క ముందు అంచు వెంట తెల్లని పట్టీ పొడవునా సాగుతుంది. నలుపు ఈకల కొసలకే పరిమితం. పెద్ద పక్షుల్లో కన్ను కూడా సాయపడుతుంది. గోధుమతల దానికి కంటిపాప చుట్టూ వలయం లేత రంగు, నల్లతల దానికి ముదురు రంగు.

ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ మొదటి చలికాలం గడుపుతున్న పిల్ల గోధుమతల గల్‌కు ఆ ‘అద్దాలు’ ఉండవు. కన్నూ ముదురుగానే ఉంటుంది. కాబట్టి ‘అద్దాలున్నాయి, గోధుమతల గల్’ అన్న మాట నిజమే గాని, ‘అద్దాలు లేవు, కాబట్టి గోధుమతల గల్ కాదు’ అన్న మాట నిజం కాదు. ఒక గుర్తు ఉన్నప్పుడు చెప్పే సాక్ష్యం వేరు, లేనప్పుడు చెప్పే సాక్ష్యం వేరు. ముందు వయస్సు తేల్చుకోవాలి, ఆ తర్వాతే జాతి. నా కరపత్రంలో ఈ వరస లేదు. మంచి పుస్తకాన్ని, మామూలు పుస్తకాన్ని విడదీసేది ఈ వరసే.

హారిసన్ చేసిన పని

ప్రపంచంలోని సముద్రపక్షులన్నిటినీ ఒకేచోట వర్ణించే ప్రయత్నాలు కొత్తవి కావు. 1928లో డబ్ల్యూ.బి. అలెగ్జాండర్ పుస్తకం వచ్చింది. ఓడల మీద ప్రయాణించేవాళ్లకు దశాబ్దాలపాటు అదే దిక్కు. 1978లో టక్, హైంజెల్ కలిసి ఒకటి తెచ్చారు. అయితే ఈ రంగాన్ని మార్చేసింది 1983లో లండన్‌లో అచ్చయిన పీటర్ హారిసన్ పుస్తకం ‘సీబర్డ్స్: యాన్ ఐడెంటిఫికేషన్ గైడ్’. బ్రిటన్‌కు చెందిన హారిసన్ ఏళ్ల తరబడి సముద్రాల మీద తిరిగి, పక్షులను ఎగురుతుండగా చూసి, 88 వర్ణచిత్ర ఫలకాలు స్వయంగా గీశారు. రచన కూడా ఆయనదే.

ఈ పుస్తకం గొప్పతనం బొమ్మల అందంలో లేదు. ఆ మాటకొస్తే వాటికన్నా అందమైన పక్షి చిత్రాలు చాలా ఉన్నాయి. హారిసన్ ఒక పక్షికి ఒక బొమ్మ వేసి ఊరుకోలేదు. పిల్ల పక్షి, ఎదుగుతున్న పక్షి, పెద్ద పక్షి, చలికాలపు రూపం, గుడ్లు పెట్టే కాలపు రూపం, పైనుంచి, కిందినుంచి ఇలా వేశారు. పెద్ద గల్ జాతులకు పూర్తి రంగులు రావడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది. ఆ నాలుగేళ్లూ అది వేరువేరు పక్షిలా కనిపిస్తుంది. అది ఒకే పక్షి అని పాఠకుడి కళ్లకు కట్టించడం చిన్న పని కాదు. రచనలో కూడా రంగులతో సరిపెట్టకుండా ఎగిరే తీరు ఎలాంటిది, ఏ జాతితో పొరబడే ప్రమాదముంది అనేది విడిగా చెబుతారు. ప్రయాన్ల వంటి పక్షుల దగ్గర, సముద్రం మీద వీటిని విడదీయడం కష్టమని దాచకుండా ఒప్పుకుంటారు. పుస్తకం కొన్నవాడికి ఇది నిరాశ కలిగించవచ్చు. నా దృష్టిలో పుస్తకంలోని నమ్మదగిన పేజీలు అవే.

బొమ్మలో లేనివి

ఇక లోపం సంగతి. అది హారిసన్ ఒక్కరిదే కాదు. ప్రతి జాతికీ కొట్టొచ్చినట్టు కనిపించే గుర్తును ఎంచి గీత గీసి చూపించే పద్ధతిని 1934లో అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ ప్రచారంలోకి తెచ్చారు. అప్పటినుంచీ ఈ జాతి పుస్తకాలన్నిటికీ ఉన్న లోపమే ఇది. బొమ్మలోని పక్షులన్నీ ఒకే వెలుతురులో, ఒకే దూరంలో, గాలి లేనిచోట ఉంటాయి. సముద్రంలో అలా ఉండవు. మబ్బు పట్టిన పూట బూడిదరంగు వీపు నల్లగా కనబడుతుంది. ఎదురెండలో అదే వీపు తెల్లబడుతుంది. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునేవాడికి సముద్రం మంచి గుణపాఠం.

వెలుతురొక్కటే కాదు, ఈక కూడా మోసం చేస్తుంది. ఈకకు నలుపునిచ్చే మెలనిన్ అనే పదార్థం దానికి గట్టిదనాన్ని కూడా ఇస్తుంది. తెల్ల ఈకలో అది లేదు. అందువల్ల ఎండకూ, గాలికీ, ఉప్పుకూ తెల్ల భాగం ముందు అరిగిపోతుంది. కొత్త ఈకల్లో స్పష్టంగా ఉండే తెల్లని కొసలు, మచ్చలు కొన్ని నెలలకు సన్నబడతాయి, కొన్నిసార్లు పూర్తిగా పోతాయి. పాత ఈక రాలి కొత్తది వచ్చే రోజుల్లో రెక్క ఆకారమే మారిపోతుంది. గుర్తింపు పుస్తకంలోని బొమ్మ చాలావరకు కొత్త బట్టలు కట్టుకుని ఫొటో తీయించుకున్న మనిషి లాంటిది. మనకు ఎదురయ్యేది పని నుంచి వస్తున్న మనిషి.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు గుర్తుల కన్నా ముందు పక్షి మొత్తం తీరును చూస్తారు. 1920ల మొదట్లో ఇంగ్లండ్‌లో టి.ఎ. కోవర్డ్ అనే రచయిత దీనికి ‘జిజ్’ అన్న మాట వ్యాప్తిలోకి తెచ్చారు. దీనికి తెలుగు కోసం నేను నిఘంటువులు వెతకలేదు. మనకు ‘వాలకం’ అన్న మాట ఉండనే ఉంది. వీధి చివర వస్తున్న మనిషి మొహం కనిపించకముందే వాలకం చూసి ఫలానావాడని చెప్పేస్తాం. పక్షి విషయంలోనూ అంతే. అయితే వాలకం ఊహకు దారి చూపుతుంది గాని, రుజువు కాదు. దగ్గరికి వచ్చాక ‘అరె, మీరనుకోలేదు’ అని నాలుక కరుచుకున్న సందర్భాలు అందరికీ ఉన్నాయి. అలా దగ్గరికి వచ్చి పొరపాటును సరిదిద్దే అవకాశం సముద్రపక్షి మనకు ఇవ్వదు.

మూడు చర్మాలు, ఒక తీర్పు

రూపం మీద ఇచ్చే తీర్పుకు ఎంత బరువుంటుందో చెప్పడానికి న్యూజిలాండ్ స్టార్మ్ పెట్రెల్ కథను మించినది లేదు.

స్టార్మ్ పెట్రెల్‌లు సముద్రపక్షుల్లో కెల్లా చిన్నవి. వీటిలో విల్సన్ స్టార్మ్ పెట్రెల్ దక్షిణ ధ్రువ ప్రాంతంలో పుట్టి, మన పడమటి తీరానికి దూరంగా నైరుతి రుతుపవనాల నెలల్లో బాగా కనిపిస్తుంది. పిచ్చుకకు అటూ ఇటూగా ఉంటుంది. ఒళ్లంతా మసి రంగు, తోక మొదట తెల్లని పట్టీ. కాళ్లు వేలాడదీసి నీటిని తాటిస్తూ అలల మీద నడుస్తున్నట్టు ఎగురుతుంది.

19వ శతాబ్దంలో న్యూజిలాండ్ సముద్రాల్లో దొరికిన ఇలాంటి పక్షుల చర్మాలు మూడు ఐరోపా మ్యూజియంలకు చేరాయి. పారిస్‌లో రెండు, బ్రిటన్‌లో ఒకటి. వాటికి తోక మొదట తెలుపు ఉంది గాని, విల్సన్ పెట్రెల్‌లా పొట్ట నల్లగా లేదు. తెల్లని పొట్ట మీద నల్లని చారలున్నాయి. 1932లో గ్రెగరీ మాథ్యూస్ దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. 1952లో మర్ఫీ, స్నైడర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు ఇలాంటి చారల పక్షులను పరిశీలించి, ఇవి విడి జాతి కావని, తెలిసిన జాతుల్లో అప్పుడప్పుడు వచ్చే రూపభేదాలని తేల్చారు. రాబర్ట్ కుష్మన్ మర్ఫీ సామాన్యుడు కాదు. దక్షిణ అమెరికా సముద్రపక్షుల మీద 1936లో ఆయన రాసిన గ్రంథం ఈనాటికీ ప్రామాణికమే. చేతిలో ఉన్నవి మూడు చర్మాలు. ఒకే జాతిలో రంగు తేడాలు ఉంటాయన్నది అందరికీ తెలిసిందే. ఆ ఆధారాలతో చూస్తే వాదనలో తప్పు పట్టడానికి లేదు.

చిక్కు ఎక్కడంటే, ‘ఇది రూపభేదం’ అన్న సమాధానం ఏ సాక్ష్యాన్నయినా మింగేయగలదు. పొట్ట మీద చారలున్న పక్షి మళ్లీ కనిపించినా, అదీ రూపభేదమే అనేయవచ్చు. ఇది విడి జాతి అని నమ్మినవాళ్లు కూడా అది ఎప్పుడో అంతరించిందనే అనుకున్నారు. లేదనుకున్న పక్షిని ఎవరూ వెతకరు. ఎవరికైనా కనబడ్డా పుస్తకంలో ఉన్న దగ్గరి పేరే పెడతారు.

2003 జనవరి 25న న్యూజిలాండ్ ఉత్తర దీవి తీరంలో, మెర్క్యురీ దీవుల దగ్గర, బ్రెంట్ స్టీఫెన్సన్, సావ్ సావిల్ మరికొందరితో పడవలో వెళ్తుండగా చారల పొట్ట ఉన్న పెట్రెల్ ఒకటి కనిపించింది. ఫొటోలు తీశారు. వాళ్లు ప్రచురించిన నివేదికలో దాన్ని ‘బహుశా’ అన్న మాటతోనే చెప్పారు. ఆ ‘బహుశా’ పిరికితనం కాదు, శాస్త్రం. ఒక పక్షి తేడా పక్షి కావచ్చు. అదే ఏడాది నవంబరు 17న బాబ్ ఫ్లడ్, బ్రయన్ థామస్ లిటిల్ బారియర్ దీవికి ఉత్తరాన ఇలాంటి పక్షులను ఒకటికి మించి చూసి చిత్రీకరించారు. అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఒక్క పక్షికి చారలుంటే తేడా, కనిపించినవాటన్నిటికీ అవే చారలుంటే జాతి. రూపం మీద ఆధారపడిన వాదన ఇక్కడ తన పూర్తి బలాన్ని పొందింది.

అయినా కథ రూపంతో ముగియలేదు. 2005 నుంచి కొన్ని పక్షులను పట్టి వదిలారు. వాటి డీఎన్‌ఏను మ్యూజియంలోని పాత చర్మాల డీఎన్‌ఏతో పోల్చి చూసి, రెండూ ఒకటేనని 2011లో ప్రకటించారు. పైగా అది విల్సన్ పెట్రెల్‌కు కాదు, తెల్లపొట్ట, నల్లపొట్ట స్టార్మ్ పెట్రెల్‌ల వర్గానికి దగ్గర చుట్టమని తేలింది. 2013లో రేడియో పరికరాలు కట్టి వెంబడిస్తే గూళ్లు లిటిల్ బారియర్ దీవి అడవిలో దొరికాయి. న్యూజిలాండ్‌లోని అతి పెద్ద నగరం ఆక్లండ్‌కు ఈశాన్యంగా ఉన్న దీవి అది. ఆ దీవి నుంచి 1980 నాటికి పిల్లులను, 2004లో ఎలుకలను నిర్మూలించారు. ఈ పెట్రెల్ అక్కడ గూడు కడుతుందని తెలియకుండానే చేసిన పని దానికి కలిసొచ్చింది. అదృష్టం బాగుంది కాబట్టి సరిపోయింది. లేకుంటే ‘రూపభేదం’ అన్న ఒక్క మాట చాటున ఒక జాతి నిశ్శబ్దంగా పోయి ఉండేది.

కొత్త పుస్తకం, పాత ప్రశ్న

2021లో హారిసన్, మార్టిన్ పెరో, హాన్స్ లార్సన్‌తో కలిసి సరికొత్త పుస్తకం తెచ్చారు. 600కు పైగా పేజీలు, 239 వర్ణచిత్ర ఫలకాలు. తిరిగి దొరికిన జాతులతో సహా తెలిసిన సముద్రపక్షులన్నిటికీ అందులో చోటుంది. ఈ మార్పు ఎంత అవసరమో ఒక్క ఉదాహరణ చాలు. మొదటి పుస్తకం వచ్చిన 1983లోనే, హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలోని ఆమ్‌స్టర్‌డామ్ దీవి నుంచి ఒక ఆల్బట్రాస్‌ను కొత్త జాతిగా వర్ణించారు. దాని ప్రత్యేకత ఏమిటంటే, గుడ్లు పెట్టే వయస్సులో కూడా దాని ఈకలు గోధుమరంగులోనే ఉంటాయి. సముద్రం మీద దాన్ని చూసినవాడు పెద్ద ఆల్బట్రాస్ పిల్ల అనే అనుకుంటాడు. పిల్ల రూపంలో ఉన్న తల్లిని గుర్తుపట్టడానికి గూడు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది.

కొత్త పుస్తకం గ్రంథాలయంలో ఉండాల్సిన పుస్తకం. అందులో సందేహం లేదు. కాని బరువులోనూ, పరిధిలోనూ అది పడవలోకి, ఇసుకలోకి తీసుకెళ్లేది కాదు. విశాఖ తీరాన నిలబడ్డ విద్యార్థికి ప్రపంచంలోని పెట్రెల్‌లన్నీ ఒకేసారి చూపిస్తే సాయం కాదు, గందరగోళం. వాటిలో అత్యధిక భాగం బంగాళాఖాతం మొహం చూడవు. ‘ఇక్కడ, ఈ నెలలో ఏది ఉండే అవకాశం ఎక్కువ?’ అన్నది గుర్తింపులో మొదటి ప్రశ్న కావాలి. ప్రపంచ స్థాయి పుస్తకం ఆ ప్రశ్నకు పటంతో సమాధానం చెబుతుంది గాని, పాఠకుడు పటం కన్నా ముందు బొమ్మ చూస్తాడు. నచ్చిన బొమ్మ దొరికాక పటం ఏం చెప్పినా వినడు.

డిజిటల్ కెమెరా, చేతిఫోను వచ్చాక ఈ జబ్బు ముదిరింది. తుఫాను తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చిన పక్షికి ఒక్క ఫొటో తీసి, నిమిషంలో పేరు అడుగుతున్నాం. నిమిషంలో పేరు వస్తోంది కూడా. ఫొటో గొప్ప సాక్ష్యమే, న్యూజిలాండ్ కథ నడిచింది దాని మీదే. కాని అక్కడ ఒక ఫొటో ‘బహుశా’ దగ్గర ఆగింది. ఇక్కడ ఒక ఫొటో తీర్పు దాకా పోతోంది. 2002లో మొదలైన ఈబర్డ్ వంటి నమోదు పద్ధతుల్లో ‘గల్, జాతి తెలియదు’ అని రాసే వీలు ఉంది. దాన్ని వాడుకోవడం నామోషీ అనుకుంటున్నాం. తప్పు పేరుతో రాసిన పక్షి, రాయని పక్షి కన్నా హాని చేస్తుంది. రేపు ఎవరో మన తీరాన ఏ పక్షి పెరిగింది, ఏది తగ్గింది అని లెక్క తీస్తే, ఆ లెక్కలో మన తప్పు కూడా నిజంగానే చేరుతుంది.

మనకు కావలసిన పుస్తకం

తెలుగులో సముద్రపక్షుల పుస్తకం రాసేవాళ్లకు, ముఖ్యంగా నాలాంటి అనువాదకులకు, మూడు మాటలు చెప్పదలచుకున్నాను. ఒకటి, పేరులోని రంగును గుర్తుగా వాడకూడదు. పేరు పేరే, గుర్తు గుర్తే. రెండు, ప్రతి పక్షికీ అది మన దగ్గర ఉండే నెలల్లో కనిపించే రూపాన్ని ముందు వేయాలి. లదాఖ్‌లో దాని సొగసు తర్వాత చూపించవచ్చు. మూడు, ఫలానా గుర్తు కనబడకపోతే ఏం తేల్చకూడదో కూడా రాయాలి.

ఆ కరపత్రాన్ని తర్వాత సరిచేశాం. బొమ్మలు తెల్లతలలతో, రెక్కలు చాచి ఎగురుతున్నట్టు వేయించాం. గడులు రెండు కాదు, మూడు పెట్టాం. మూడో గడి పేరు ‘రెండింటిలో ఏదో తేల్చలేదు’. మరుసటి ఏడాది కాగితాల్లో ఎక్కువ అంకెలు పడింది ఆ మూడో గడిలోనే. మాస్టారు కొంచెం నొచ్చుకుంటూ, ‘పిల్లలకు ఇంకా సరిగా రాలేదండీ’ అని రాశారు. వచ్చిందనే నేను జవాబు రాశాను.